రాటెన్ ముట్టనని మాటిచ్చాను

సోమవారం
మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది! పళ్ల గోదాములో తనిఖీ పని. పెట్టె విప్పి చూసి, కుళ్ళినదాని మీద ఎర్ర చీటీ అతికిస్తుంది. చీటీ మీద ఒకటే ఇంగ్లీషు మాట: రాటెన్. అతికించిందా, ఆ పెట్టె బయటికే! ఎంత అధికారం!
ఒక షరతు పెట్టింది. "నాన్నా, పాడైనవి తిని మళ్ళీ ఆసుపత్రి పాలయ్యావో, ఉద్యోగం మానేసి నీకు కాపలా కూర్చుంటా."
ఒట్టు వేశాను. రాటెన్ అన్నది ఇక ముట్టను!

మంగళవారం
మాట వాడుక నేర్పింది. పండుకు అనొచ్చు, గుడ్డుకు అనొచ్చు, నాని పుచ్చిన చెక్కకూ అనొచ్చు. విరిగిన పాలకు సవర్ అనాలట. ఎండిన రొట్టెకు స్టేల్.
ఒక గుడ్డు పారేశాను. ప్రాణం చివుక్కుమంది. అయినా పారేశాను!

బుధవారం
పాలు విరిగాయి. తాగాను. సవర్ కదా.
సాయంత్రం రొట్టె. స్టేల్. ఒట్టు భద్రం.

గురువారం
పళ్ల కొట్టులో ఒక్కో ఆపిల్ ఎత్తి, "రాటెన్! ఇదీ రాటెన్!" అని గట్టిగా చెప్పాను. కొనడానికొచ్చినవాళ్లు వెళ్లిపోయారు. కొట్టాయన చేతులు జోడించాడు.
"బాబాయ్, నా బేరం చెడగొట్టకు. నువ్వు వంక పెట్టినవన్నీ ఈ సంచిలో వేస్తున్నా, ఊరికే పట్టుకుపో!"
ఊరికే!!

శుక్రవారం
ఒక పక్కే మెత్తబడ్డాయి. రెండో పక్క రాటెన్ కాదు. తిన్నాను.

శనివారం
కడుపు. రాయలేను.
సాయంత్రం: అమ్మాయి వచ్చి తొక్కలు చూసింది.
"ఎన్ని తిన్నావు?"
"ఒకటే."
"నాన్నా."
"ఆరు. తిట్టు తల్లీ, ఉద్యోగం మాత్రం మానకు. వీధంతా చెప్పుకున్నాను."
అమ్మాయి కుర్చీలో కూలబడి, సంచిలోంచి ఒక పండు తీసి, నల్లబడ్డ మేర చెక్కేసి, మిగిలింది కసుక్కున కొరికింది.
"నేను మానక్కర్లేదు, వాళ్ళే మాన్పిస్తారేమో. పారెయ్యడానికి చెయ్యి రావట్లేదు నాన్నా. 'ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఈ జాలి?' అని సూపర్‌వైజరు అరిచాడు."
"ఏమన్నావు?"
"'మా నాన్న దగ్గర' అన్నా. ఇంకో వారం చూస్తాడట."
నా బంగారు తల్లి! అచ్చం నేనే!

ఆదివారం
ఒట్టు మళ్ళీ మొదలు. ఈసారి ఇద్దరం! ఇంట్లోనే సాధన. అమ్మాయి చీటీ అతికించాలి, నేను పారెయ్యాలి.
మొదటి పండు మీద చీటీ పడింది. చెత్తబుట్ట మూత ఎత్తాను.
"ఆగు నాన్నా," అంది. "తొడిమ దగ్గర బాగానే ఉందిగా?"
బాగానే ఉంది.
రేపటి నుంచి గట్టిగా.