బియ్యం డబ్బాలో కోర్టు

కొత్వాల్‌గూడ

బిడ్డ మంజులకు, నీ మేనమామ సత్తయ్య దీవించి రాసేది.

మేం బాగున్నమని రాద్దామంటే అబద్ధమైతది. నిన్న పగటీలి అన్నం ముందర కూసున్ననో లేదో, ఫోన్ల కోర్టు కాయిదం వచ్చింది. ముద్ర ఉంది, నా పేరుంది, మా బాపు పేరు సుత ఉంది. ఇరవై మూడో తారీఖు పదకొండు గంటలకు మేజిస్ట్రేటు ముందర ఫోన్లనే హాజరు కావాల్నంట.

నేను చేసిన నేరం విను. పెత్రమాస నాడు, పోయిన పెద్దలకు పెట్టే అమాస కదా, బాపుకు ఇష్టమని మేక కూర, అన్నం ఇస్తరాకుల వేసి డాబా మీద పెట్టి కాకిని పిలిచిన. ఒక్క కాకి వస్తదనుకుంటే గద్దలు సుత దిగినయ్, ఆకాశం నల్లగైంది. మా ఇంటి మీదికెల్లే విమానాలు దిగుతయి కదా. పిట్టలు అడ్డమొస్తున్నయని విమానాలోళ్లు జీపుల ఉరికొచ్చి, పటాకులు కాల్చి పిట్టలను ఎల్లగొట్టిండ్రు, ఫోటో తీసుకొని పోయిండ్రు. కాకి రూపంల వచ్చిన బాపు సగం బుక్కల ఉన్నడు బిడ్డా! జైలు భయం ఒక దిక్కు, బాపు ఆకలితోని పోయిండన్న భయం ఒక దిక్కు.

మా కాలంల ఇసొంటి కాయిదం కోర్టు జవాను ఇంటికి తెచ్చేటోడు. చాయ్ పోసి ఆయన మొకం చూస్తే కేసు ఎంత పెద్దదో తెలిసేది. ఫోన్‌కు మొకం ఉందా?

నువ్వు పట్నం కోర్టుల పద్నాలుగేండ్ల సంది నౌకరీ చేస్తున్నవ్. జర ఉపాయం చెప్పు.

పరేషాన్ల ఉన్న నీ మామ,
సత్తయ్య

మరిచిన ముచ్చట: ఫోన్ బంద్ చేసి, బట్టల చుట్టి బియ్యం డబ్బాల పెట్టిన. అందుల కోర్టు ఉంది కదా, మన మాటలు వింటదేమో. నువ్వు ఉత్తరమే రాయి. మీ అత్తమ్మ బియ్యం తీసేటప్పుడు సుత నోరు మెదుపుతలేదు.

*

హైదరాబాద్

సత్తయ్య మామకు, మంజుల నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. కోర్టు చాటుగా ఏమీ వినదు మామా. ఎదురుగా నిలబడి చెప్పేవాళ్ల మాటలు వినడానికే దానికి పొద్దు చాలడం లేదు. ఇప్పుడు సమన్లు ఫోన్లోనే వస్తున్నాయి, విచారణలు కూడా కొన్ని వీడియోలోనే జరుగుతున్నాయి. ఇదివరకటిలా ప్రతి చిన్న తప్పుకూ జైలనే ఆలోచన కూడా మారుతోంది. కొన్నిటికి ఊరికి పనికొచ్చే పనేదో చేయమంటున్నారు.

ఫోన్ బయటికి తీయండి. ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని, కాయిదంలో ఉన్న లింకును అత్తమ్మతో నొక్కించండి. అడిగినదానికి నిజం చెప్పండి. అంతే.

మీ మేనకోడలు,
మంజుల

తా.క.: ఈ మధ్య ఫోన్లలో దొంగ పోలీసులు, దొంగ జడ్జీలు కూడా తయారయ్యారు. ఎవరైనా భయపెడితే మాత్రం నమ్మకండి.

*

కొత్వాల్‌గూడ

బిడ్డా మంజులా, మీ మామ మొనగాడే! దొంగను పట్టిన!

నువ్వు చెప్పినట్లే తెల్లచొక్కా తొడుక్కున్న. పక్కింటి గోపయ్య ధైర్యానికని కట్టె పట్టుకొని ఎనుక నిలబడ్డడు. మీ అత్తమ్మ లింకు నొక్కంగనే నల్లకోటు వేసుకొని ఒక పోరి కనబడ్డది. నీకంటె చిన్నదే ఉంటది. "నేను మేజిస్ట్రేట్‌ని" అన్నది. నువ్వేం రాసినవ్? భయపెడితే నమ్మొద్దన్నవ్. నాకైతే చూడంగనే భయమైంది. ఇగ దొంగ కాకుంటే ఏంది?

గోపయ్య చెవుల చెప్పిండు, "సత్తన్నా, టేబుల్ మీద సుత్తి లేదే" అని. చూస్తే నిజంగనే లేదు!

"మాంసం పెట్టి పక్షుల్ని పిలిచారా?" అని అడిగింది. "పిలిచిన. అయితే ఏంది? ముందుగాల నీ సుత్తి చూపియ్యి. కోటు యాడ కిరాయికి తెచ్చినవ్?" అన్న. "మా మేనకోడలు మంజుల పట్నం కోర్టులనే ఉంటది, నీ సంగతి చెప్తది" అని ఫోన్ బంద్ చేసిన.

విజయంతోని,
సత్తయ్య

మరిచిన ముచ్చట: చీపురు సుత చూపిచ్చింది మీ అత్తమ్మ. ఫోన్ మళ్ల బియ్యంల పడ్డది.

*

హైదరాబాద్

మామా,

ఆమె నిజమైన మేజిస్ట్రేటే. ప్రేమలత మేడం. ఆ పూట కోర్టు నిండా జనం, వాళ్లందరూ పెద్ద తెరమీద అత్తమ్మ చీపురును చూశారు.

పద్నాలుగేళ్ల నౌకరీలో ఏ జడ్జి దగ్గరా సుత్తి చూడలేదు. అది సినిమాల్లోనే ఉంటుంది. మీరు నా పేరు చెప్పారట! నిన్న మా ఆఫీసులో ఒకరు "ఆ మంజుల నువ్వేనా?" అని అడిగితే ఫైలు చాటున మొహం దాచుకున్నాను. ఫోన్ చేద్దామంటే అది బియ్యంలో ఉంది.

సోమవారం పదింటికల్లా మీరే స్వయంగా కోర్టుకు వెళ్లండి. చేతులు జోడించండి. వెళ్లకపోతే వారంటు వస్తుంది. ఈసారి అది ఫోన్లో రాదు మామా, జీపులో వస్తుంది.

భయంతో,
మంజుల

తా.క.: మేడంగారికి గారెలు గట్రా పట్టుకుపోకండి. గోపయ్యను అసలే పట్టుకుపోకండి.

*

కొత్వాల్‌గూడ

బిడ్డ మంజులకు, బతికి బయటపడ్డ మామ దీవెనలు.

జైలుకు తయారయ్యే పోయిన. రెండు లుంగీలు, దుప్పటి, బీపీ గోలీలు, మామిడికాయ తొక్కు మూట కట్టిన. మీ అత్తమ్మ బొట్టు పెట్టి బోరున ఏడ్చింది. గోపయ్య వద్దన్నా వచ్చిండు గని, శంషాబాద్‌ల కోర్టు కనబడంగనే బస్సు దిగలే.

పేరు పిలువంగనే మూట సంకల పెట్టుకొని ముందరికి పోయిన. మేడం నన్ను చూసి, టేబుల్ మీది కాయిదాలు పక్కకు జరిపి, "పెద్దాయనా, సుత్తి ఇక్కడ కూడా లేదు. ఒకసారి వెతుక్కోండి" అన్నది. అందరు నవ్విండ్రు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

"తప్పైంది తల్లీ. జైల్ల ఎయ్యి, పోత. గని మా బాపు ఆకలితోని లేచిపోయిండు. అదొక్కటే మనసుల కొడుతుంది" అన్న.

ఆమె నిమ్మళంగ చెప్పింది: "ఒక్క గద్ద విమానం ఇంజన్లో పడితే లోపల రెండు వందల మంది ప్రాణాలు పోతాయి సత్తయ్యగారూ. వాళ్ల కోసం కూడా ఇళ్లల్లో ఎవరో అన్నం పెట్టుకుని చూస్తుంటారు." ఆ మాటకు నా తల వంగిపోయింది. ఇన్నేండ్లు విమానాలల్ల మనుషులుంటరన్న సోయే లేదు నాకు. "ఇగ మీదట విమానాలు దిగని కాడ, చేవెళ్ల అవతల మా బామ్మర్ది పొలంల పెట్టుకుంట" అని మాటిచ్చిన.

జైలు లేదు. నాలుగు ఆదివారాలు సాతంరాయి దాకా ఊర్లు తిరిగి డాబాల మీద మాంసం పెట్టొద్దని చెప్పాలె. దాంతోపాటు ఫోన్ల వచ్చేది అసలు కోర్టో దొంగ కోర్టో గుర్తుపట్టుడెట్లనో జనానికి నేర్పాలెనంట. నేను నేర్పాల్నంట బిడ్డా!

ఫోన్ బియ్యంలకెల్లి తీసినం. ఇగ చెయ్యొచ్చు.

నీ మామ,
సత్తయ్య

మరిచిన ముచ్చట: బయటికొస్తుంటే జవాను ఉరికొచ్చి, మేడం లోపటికి పిలుస్తున్నదన్నడు. మనసు మార్చుకుంది, జైలే అనుకొని మూట గట్టిగ పట్టుకున్న. లోపట ఆమె నల్లకోటు విడిచి ఒక్కతే కూసున్నది. "మా క్వార్టర్స్ మీద నుంచి కూడా విమానాలే వెళ్తాయి. నాన్న పోయి ఆరు నెలలైంది. పెత్రమాసకు నేనేమీ పెట్టలేకపోయాను. మీ బావమరిది పొలంలో ఇంకో విస్తరికి చోటుంటుందా?" అని మెల్లగ అడిగింది. నా చేతులకెల్లి మూట జారి కింద పడ్డది. "ఎందుకుండదు, రా బిడ్డా" అన్న. మేజిస్ట్రేటును బిడ్డా అన్నందుకు మళ్ల కేసైతదేమో, జర చూసి రాయి.