అవతలి మైకులో మన వీధి

యాష్ ఊరి నుంచి,
మార్చి 10, మంగళవారం

అమ్మా,

నేనూ అమ్మమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ కులాసాగా ఉన్నావని, నువ్వు చూసుకుంటున్న ముసలావిడ సిన్యోరా ఆదెలే రాత్రిళ్ళు నిన్ను లేపడం కాస్త తగ్గించిందని అనుకుంటున్నా. ఈ ఉత్తరం నిలబడి చదవకు. ఆవిడని పడుకోబెట్టాక, కూర్చుని చదువు.

ముందు నువ్వడిగినవి చెప్పేస్తా. అమ్మమ్మ బీపీ నూట నలభై దగ్గరే ఆగింది, మాత్రలు రెండు పూటలా నేనే చేతిలో పెడుతున్నా. లెక్కల్లో పదికి ఏడున్నర. నిన్న నలభైమంది అమరుల పండగ కదా, అమ్మమ్మ పొద్దున్నే లేచి ఎనిమిది అంకెలా చుట్టిన రొట్టెలు చేసి, తేనె రాసి, వాల్‌నట్ పొడి చల్లింది. పార్సెల్‌లో డజను పెట్టాం. ఇటలీ వచ్చే వ్యాన్ డ్రైవర్ దారిలో చెయ్యి పెట్టకపోతే డజనూ నీకే.

ఇక బూట్ల సంగతి. "బూట్లకి పంపిన డబ్బుతో హెడ్‌సెట్ కొన్నావట, అంత చవకదాంట్లో ఏం వినిపిస్తుందే? ఎవరు ఎంచిపెట్టారు?" అని రాశావు. మొన్న ఫోన్‌లో మా క్లాసు ఒతీలియా ఎంచిపెట్టిందని చెప్పేశా. అది అబద్ధం. ఒతీలియాకి అసలు గేములంటేనే పడదు.

ఎంచిపెట్టింది సెనిన్. అది ఆటలో పేరు, అసలు పేరు నాకు తెలీదు. నవంబర్‌లో నేను ఆన్‌లైన్‌లో ఆడే టీములోకి వచ్చాడు. ఎక్కడో దూరాన కాన్‌స్టాంట్సాలో ఉంటానని, ఓడరేవులో పని అని చెప్పాడు. నన్ను చెల్లీ అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. టీములో మిగతావాళ్ళు ఓడిపోతే బూతులు తిడతారు. ఇతను మాత్రం "పోనీలే, ఇంకోటి ఆడదాం. అన్నట్టు తిన్నావా?" అనేవాడు.

నేను రంగురంగుల లైట్లు వెలిగే హెడ్‌సెట్ ఒకటి చూపించా.

"అది కొనకు చెల్లీ. నువ్విచ్చే డబ్బంతా లైట్లకే పోతుంది, చెవికి ఏం మిగలదు."

"ఏడు వైపుల నుంచి వినిపిస్తుందని డబ్బా మీద రాశారు అన్నా."

"డబ్బా మీద రాయడానికేం, సిరా ఖర్చే కదా. నీకెన్ని చెవులున్నాయి?"

"రెండు."

"మరి రెండు వైపులు చాలు. వైరున్నది, నల్లగా బోసిగా ఉన్నది, మైక్ వంచడానికి వీలుగా ఉన్నది కొను."

అలాంటిదే కొన్నా. మొదటిరోజు ఏడుపొచ్చింది. బిందెలో తల పెట్టి వింటున్నట్టు అంతా బుం బుం. అప్పుడతనే ఒక్కొక్కటీ చెప్పాడు. బేస్ సగానికి తగ్గించమన్నాడు, మధ్యలో ఉండే శబ్దాలు కొంచెం పైకి లేపమన్నాడు, అడుగుల చప్పుడూ మనుషుల గొంతులూ అక్కడే ఉంటాయట. చెవుల దగ్గర చెమట పట్టించే ఆ రబ్బరు మెత్తలు పీకేసి, దళసరి గుడ్డవి తెప్పించుకోమన్నాడు. అవి వేశాక నిజంగా అమ్మా, బయట ప్రపంచం మాయమైపోయింది. ఆటలో ఎవడో గడ్డి మీద నడుస్తున్నాడా చెక్క మీద నడుస్తున్నాడా అన్నది కూడా తెలిసిపోయేది. మైక్‌కి చిన్న స్పాంజ్ తొడిగి, నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకి రెండు వేళ్ళ దూరంలో పెట్టమన్నాడు.

చివరిది ఇది. చుట్టుపక్కల శబ్దాలని తీసేసే సెట్టింగ్ ఒకటుంటుంది. "అది ఆపెయ్ చెల్లీ. శబ్దంతో పాటు నీ గొంతు కూడా నరికేస్తోంది. మనిషి గొంతు మనిషి గొంతులాగే వినబడాలి" అన్నాడు. ఆపేశా. "ఆ, ఇప్పుడు పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది" అన్నాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో. అంత చవక హెడ్‌సెట్‌ని అంత మంచిదాన్ని చేసేశానని.

ఆ తర్వాత అతనికి మన ఇల్లంతా వినబడింది.

"ఎవరు దగ్గుతున్నారు?"

"మా అమ్మమ్మ."

"టీవీ ఏంటి, ఊరంతటికీ పెట్టినట్టు?"

"ఆవిడకి చెవులు సరిగా వినబడవు."

"మీ అమ్మ గొంతు ఎప్పుడూ వినలేదే?"

అప్పుడు నేను మాట మార్చేశా. అతను మళ్ళీ అడగలేదు. ఏదైనా ఒక్కసారే అడిగి వదిలేసేవాడు. మర్నాడు నేనే చెప్పేదాన్ని. నువ్వు ఇటలీలో ఉన్నావని చెప్పా. శనివారం సాయంత్రం అమ్మమ్మ గుడికెళ్తే రెండు గంటలు నేనొక్కదాన్నే ఉంటానని కూడా చెప్పా. తిట్టు అమ్మా, కానీ అన్నీ చదివాక తిట్టు.

పోయిన గురువారం సాయంత్రం ఐదింటికి ఆడుతున్నాం. అమ్మమ్మ చిక్కుడుగింజల సూప్ తెచ్చి పెట్టింది, నమిలే చప్పుడు వినబడకూడదని మైక్ ఆపేసి తింటున్నా. చెవుల్లో చెక్క చప్పుడు మొదలైంది. మన ఎదుటి మఠంలో ప్రార్థనకి ముందు చెక్క పలక కొడతారే, అది. నేను పట్టించుకోలేదు, రోజూ వినేదే కదా. రెండో చుట్టులో చెంచా కింద పెట్టేశా. ఈ దళసరి మెత్తల్లోంచి బయటి చప్పుడు ఎలా వస్తోంది?

హెడ్‌సెట్ తీశా. కిటికీ అద్దాల అవతల నుంచి సన్నగా, ఎక్కడో. మళ్ళీ పెట్టుకున్నా. గట్టిగా, దగ్గరగా.

అది అతని మైకులోంచి వస్తోంది.

కాన్‌స్టాంట్సాలో కూడా మఠాలుంటాయి, అక్కడా పలక కొడతారు అని నాకు నేనే చెప్పుకున్నా. కానీ మన మఠంలో పలక కొట్టే ఎవ్లాంపియా మదర్ రెండేళ్ళ కింద మంచులో జారిపడ్డాక ఆవిడ ఎడమచెయ్యి సరిగా లేవదు కదా. రెండు దెబ్బలు చకచకా పడి, మూడోది కుంటుకుంటూ వస్తుంది. ఆ కుంటి దెబ్బ ఈ దేశంలో ఇంకెక్కడా లేదు. ఇన్నాళ్ళూ నా మైకులోంచి దాన్నే విని వెతుక్కుంటూ వచ్చాడేమో. అది నా చెవుల్లో కొట్టుకుంటోంది, అతను మాత్రం మామూలుగా ఊపిరి తీసుకుంటున్నాడు.

అప్పుడన్నాడు, చాలా ప్రేమగా, "చెల్లీ, గదిలో చీకటి పడుతోంది. లైటేసుకో."

కుర్చీలోంచి జారి నేల మీద పాకుతూ వెళ్ళి పరదా వేసేశా. తర్వాత వంటింటి కిటికీ అంచు నుంచి చూశా. మఠం గోడ పక్కన పది కార్లు. ట్రామ్ స్టాపులో ముగ్గురు మగవాళ్ళు. ముగ్గురూ ఫోన్లే చూసుకుంటున్నారు.

శుక్రవారం జ్వరమని బడి మానేశా. శనివారం గుడికని అమ్మమ్మ తలకి రుమాలు కట్టుకుంటుంటే తలుపుకి అడ్డంగా నిలబడ్డా.

"ఇవాళ వెళ్ళకు అమ్మమ్మా."

"ఈస్టర్ ఉపవాసాల్లో వెళ్ళకుండా ఇంకెప్పుడెళ్తానే? నన్ను పెట్టెలో పెట్టి మోసుకెళ్ళే రోజా?"

చెప్పా. ఆవిడ చెవులకి మెల్లగా చెబితే ఎక్కదు కదా. గొంతులోంచి రానిదాన్ని నేను అరిచి చెప్పాల్సి వచ్చింది, అరిచిన ప్రతి మాటా గోడ అవతల వింటున్నారేమో అనుకుంటూ. అంతా విని అమ్మమ్మ రుమాలు విప్పింది. తలుపుకి గొళ్ళెం పెట్టింది. నా కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ నెత్తిన పెట్టుకుంది.

"ఎక్కడ నొక్కాలే?"

నేను నొక్కా. అతను లైన్లోనే ఉన్నాడు.

"నాయనా, నేను ఇలింకా అమ్మమ్మని. చెవులు పోయాయి గానీ దీంట్లో నీ ఊపిరి బాగా వినబడుతోంది. నిన్నూ ఒక తల్లి కనే ఉంటుంది కదా. ఆమె ఎక్కడుందో చెప్పు, నేను ఆమెతో మాట్లాడతా."

అమ్మమ్మ హెడ్‌సెట్‌ని రెండు చేతులతో చెవులకి అదిమి పట్టుకుని వింది. ఆవిడ ముఖం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. తర్వాత హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమన్నాడు?"

"'మా అమ్మ కూడా ఇటలీలోనే ఉంది' అన్నాడు. పెట్టేశాడు."

నిజమో అబద్ధమో తెలీదు. అమ్మమ్మ నన్ను అప్పటికప్పుడే పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒకామె అంతా రాసుకుంది, మంచిదే పాపం. ఈలోపు ఆటలో వాడి పేరే లేకుండా పోయింది. "గొంతుకి ఫొటో ఉండదు కదమ్మా, చూస్తాం" అంది ఆ పోలీసామె. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు అంతా బాగుందని ఇద్దరం చెప్పాం. నీ పక్కనే సిన్యోరా ఉంది, ఉన్నవి ఐదు నిమిషాలు. పైగా ఆ గదిలో నోరు తెరిస్తే ఎవరో వింటున్నట్టే ఉంటోంది నాకు.

ఇప్పుడు బయటికెళ్తే గొంతులే వెతుకుతున్నా. రొట్టెల షాపులో వెనకాల ఎవరైనా "జరుగు పాపా" అంటే చాలు, కళ్ళు మూసుకుని ఆ మాట మళ్ళీ మళ్ళీ వింటా. వాడేనా? వాడి ముఖం నాకు తెలీదు. నా ముఖం వాడికి తెలుసు.

పోలీసామెకి చెప్పనిది ఒకటుంది. అమ్మమ్మకీ చెప్పలేదు. నవంబర్ నుంచి రోజూ తిన్నావా అని నన్ను అడిగింది వాడొక్కడే. ఇంత భయపడుతున్నానా, అయినా సాయంత్రమయ్యేసరికి ఆ మాట కోసం నా చెవులు ఎదురుచూస్తున్నాయి. వాడి మీద బెంగగా ఉంది అమ్మా. రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది, కానీ ఉంది. నువ్వు ఇది చదివాక కూడా నన్ను ముందులాగే చూస్తావా అన్నదే వాడికంటే పెద్ద భయం.

ఈస్టర్‌కి వచ్చెయ్యనా, జీతం పెంచుతామంటున్నారు, సెప్టెంబర్ దాకా ఉండిపోనా అని ఉత్తరం చివర అడిగావు. ఇలా అడిగినప్పుడల్లా నేను నీ ఇష్టం అంటా. నువ్వు సంతోషించి ఉండిపోతావు.

ఈసారి అలా అనను. వచ్చెయ్ అమ్మా. ఈస్టర్ దాకా కూడా ఆగకు.

ఇట్లు,
తలుపు గొళ్ళెం ఇంకోసారి చూసొచ్చి కూర్చున్న
నీ కూతురు,
ఇలింకా