చదవని మెసేజ్

విజయనగరం
జూలై 2017, మంగళవారం

పడుకుంటే నిద్ర పట్టలేదు. లేచి రాస్తున్నాను.

విమానం వాళ్ల జవాబు ఇవాళ సాయంత్రం వచ్చింది. పోయిన నెల చెన్నై విమానం రద్దయి, మా అక్క కూతురు శారదకు అక్కడి సంగీత కాలేజీలో వయొలిన్ టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూ తప్పిపోయింది. టికెట్ కొన్నది నేను, ఇచ్చిన ఫోన్ నంబరూ నాదే. నష్టపరిహారం అడుగుతూ అర్జీ రాసిందీ నేనే. డబ్బు సంగతి ఎలా ఉన్నా, తప్పు తమదేనని వాళ్లు కాగితం ఇస్తే కాలేజీ వాళ్లు దాన్ని మళ్లీ పిలుస్తామన్నారు.

జవాబు చదివి శారద మండిపడింది.

"ముందురోజు పొద్దున్నే మెసేజ్ పెట్టినారట. ఎంత అబద్దం ఆడతన్నారో సూడు మావయ్యా! వినియోగదారుల ఫోరంలో కేసు ఎయ్యాల."

తలూపి, పెరట్లోకి వెళ్లి ఫోన్ తీశాను. రీఛార్జి ప్రకటనల మధ్య ఆ మెసేజ్ ఉంది. నేను తెరవనే లేదు. ముందురోజు రాత్రి విమానంలోనే సీటు ఇస్తామని కూడా రాశారు.

చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. కేసు వేస్తే ఎలాగూ బయటపడుతుందని చెప్పానో, దాని మొహం చూడలేక చెప్పానో, ఇప్పటికీ తేలడం లేదు. ఫోన్ దాని చేతికిచ్చాను.

మెసేజ్ రెండుసార్లు చదివింది. ఏడుస్తుందనుకున్నాను.

"మరయితే ఆరోజు ఎయిర్‌పోర్టులో కౌంటరు కాడ ఆ పిల్లని అన్ని మాటలన్నావేటి మావయ్యా?" అంది. "పాపం, ఏడిసేసింది కదా."

నిజమే, ఏడ్చింది. ఆ పిల్లకూ శారద వయసే ఉంటుంది. పేరు కూడా అడగలేదు...