తలుపు బయట కూర్చునే మనిషి

ప్రియమైన చెల్లాయికి,

ముప్పై ఒక్క ఏళ్ల కిందట అమ్మ మంచం పట్టినప్పుడు నువ్వు నాకొక మాట ఇచ్చావు, వీధి చివర కుట్టుపని చేసే ఆవిడ తప్ప ఇంకెవరూ అమ్మ ఒంటిమీద చెయ్యి వేయరని. అది నమ్మి నేను పైఊరి డ్యూటీకి వెళ్లిపోయాను. ఇరవై రోజుల తర్వాత వచ్చి చూస్తే అమ్మ పక్కన తెల్లకోటు వేసుకున్న కొత్త మనిషి. కుట్టుపని ఆవిడ జాడ లేదు. వారం తిరక్కుండా అమ్మ కూడా లేదు. మనం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను, ఎందుకంటే అదే పని నాకూ చేశావు.

పోయిన మంగళవారం, ఇంటికి మనుషుల్ని పంపే సంరక్షణ కార్యాలయం వాళ్లు ఫోన్ చేస్తే, నన్నొక్క మాట అడక్కుండా నన్ను చూసుకునే కండక్టరును తీసేయమని సంతకం పెట్టావు. ‘బంధువు సమ్మతి’ అన్న గడిలో నీ చేవ్రాలు నాకు చూపించారు. చాలా పొందిగ్గా ఉంది.

అతనెవరో నీకు తెలియదు గనక చెబుతాను. ఇరవై ఆరేళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి, రిటైరయ్యాక ఈ పనిలో చేరాడు. నాకు కుడిపక్క పడిపోయాక కార్యాలయం పంపిన వాళ్లలో ఏడోవాడు. ముందొచ్చిన ఆరుగురూ “చెయ్యెత్తండి తాతగారూ, మా బంగారుకొండ కదూ” అంటూ నన్ను తోమారు. ముప్పై నాలుగేళ్లు నిండు కోర్టులో వాంగ్మూలాలు చదివి వినిపించిన గుమాస్తాను నేను. ఎవరి బంగారుకొండనూ కాను. ఇతను మొదటిరోజు గుమ్మంలోనే నిలబడి, “స్నానం మీరు చేస్తారా సార్, నేను చేయించాలా?” అన్నాడు. ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనే చేస్తానన్నాను. ఎడంచేత్తో నలభై నిమిషాలు పట్టింది. అతను తలుపు బయట స్టూలు వేసుకుని పేపరు చదువుకున్నాడు.

రోజూ నింపే ఫారంలో ‘స్నానం చేయించబడింది’ అన్నచోట టిక్కు పెట్టాలి. అతను దాన్ని కొట్టేసి, ‘ఆయనే చేసుకున్నారు, నేను కూర్చున్నాను’ అని రాశాడు. నిజం రాసినందుకు పని ఎగ్గొట్టేవాడయ్యాడు.

సంతకం వెనక్కి తీసుకో. అందాకా ఎవరొచ్చినా తలుపు తీయను.

నీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఒకందుకు మంచిదేలే. ఫోన్‌లో అయితే నువ్వు కేకలేస్తావు, నేను ఏడుస్తాను.

అంత పొడుగు ఉత్తరంలో ఒక్కటి మాత్రం రాయడం మర్చిపోయావు. మోచేతికి ఎనిమిది కుట్లు ఎలా పడ్డాయి? నువ్వు బాత్రూంలో జారిపడుతుంటే ఆ మహానుభావుడు బయట పేపరు తిరగేస్తున్నాడు. కార్యాలయం మేనేజరమ్మ అంతా చెప్పింది. చప్పుడు విన్నాక కూడా తలుపు తట్టి, “లోపలికి రానా సార్?” అని అడిగాట్ట. పడ్డ మనిషిని అనుమతి అడిగేవాణ్ణి ఎక్కడైనా చూశావా? మీ బావగారు విని పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వదిన పోయాక ఆ ఇంట్లో నువ్వొక్కడివే ఉన్నావన్నది నాకు గుర్తుంటుంది.

ఇంకో ముగ్గుర్ని వెనక్కి పంపితే నిన్ను వాళ్ల కేంద్రానికి మార్చేస్తారట. నేను వెళ్లి చూసొచ్చాను. పన్నెండు మంచాల హాలు. పొద్దున్నే అందరికీ వరసగా స్నానాలు, మధ్యలో ఒక గుడ్డ తెర. నీ పుస్తకాలకు మంచం కింద అట్టపెట్టె ఇస్తారట. నువ్వక్కడ పది రోజులు కూడా ఉండలేవు. దయచేసి తలుపు తియ్యి.

అమ్మ సంగతి ఇందులోకి లాగకు. నీకు తెలియనిది ఒకటుంది. చెప్పనని మాటిచ్చాను.

నీ చెల్లెలు

*

చెల్లాయికి,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. కాగితం మీద కనబడుతూనే ఉంటుంది.

పడ్డమాట నిజం. వెల్లకిలా పడి, పై కప్పు చూస్తూ, నెత్తురు చల్లగా తగులుతుంటే, ఆ తలుపు తట్టిన చప్పుడు విన్నాను. “ఆగు” అన్నాను. ఆగాడు. లేవాలని చూశాను, చేతకాలేదు. అప్పుడు రమ్మన్నాను. వచ్చి, ముందు నా నడుము మీద తువ్వాలు కప్పి, తర్వాత భుజం కింద చెయ్యి వేసి, “ఏం సార్, స్టాపు రాకముందే దిగారు?” అన్నాడు. ఆరోజు, జబ్బుపడ్డాక మొదటిసారి, గట్టిగా నవ్వాను. మేనేజరమ్మ దగ్గర ఆ నవ్వు రాయడానికి గడి లేదు.

గడ్డం గీసేవాడు నచ్చకపోతే సగం గడ్డంతో లేచి పక్క షాపుకి పోవచ్చు. ఎవరూ ఏమనరు. ఒళ్లు కడిగేవాణ్ణి మాత్రం ఊళ్లోవాళ్లంతా కలిసి ఎంచి పంపుతారట, నేను కళ్లు మూసుకుని చెయ్యెత్తాలట. ఇన్నేళ్లూ ఇన్ని పుస్తకాలు చదివాను, ఈ న్యాయం ఎక్కడా కనబడలేదు.

ఇప్పటికి ఇద్దర్ని పంపేశాను. నిన్న వచ్చినావిడ తలుపు అవతల నుంచి, “తాతగారూ, తలుపు తీస్తే చాక్లెట్ ఇస్తా” అంది. “నువ్వు వెళ్తే రెండిస్తా” అన్నాను. పాపం, ఆవిడా నవ్వింది. మంచి మనిషే అయుండాలి. మంచివాళ్లు కాదని కాదు నేను పంపేస్తున్నది. నేను పిలవలేదు గనక.

గురువారం మూడింటికి కార్యాలయంలో నా మాట వింటామన్నారు. చక్రాల కుర్చీలో వెళ్తున్నాను. బయట కూర్చునేవాడు లేక తొమ్మిది రోజులుగా తడిగుడ్డతో తుడుచుకుంటున్న ఒళ్లు ఇది, దగ్గరగా కూర్చునేవాళ్లకే కష్టం.

ఎవరికో మాటిచ్చానంటున్నావు. మాట నిలబెట్టుకోవడం ఎప్పట్నుంచి మొదలుపెట్టావు?

అన్నయ్య

*

అన్నయ్యా,

ఆ చివరి వాక్యంతో నా నోరు తెరిపించావు. విను.

కుట్టుపని ఆవిణ్ణి పంపేసింది నేను కాదు, అమ్మ. నువ్వు వెళ్లిన మూడో రోజున నన్ను దగ్గరకు పిలిచి, “దాన్ని రావద్దని చెప్పవే. నా పెళ్లి రవికె నుంచి అన్నీ అదే కుట్టింది. నా ఒంటి కొలతలన్నీ దానికి తెలుసు. నీళ్లు పోస్తూ ఇప్పుడు మళ్లీ కొలుస్తోంది. నన్నెప్పుడూ చూడని మనిషిని తీసుకురా” అంది. నేను వద్దన్నాను, నీకిచ్చిన మాట చెప్పాను. “వాడికి చెప్పకు. వాడు వాదిస్తాడు. వాడితో వాదించే ఓపిక నాకిప్పుడు లేదు” అంది. ఆ తెల్లకోటు మనిషి వచ్చాక అమ్మ నెమ్మదించింది. ఆవిడ చేతుల్లో సిగ్గుపడకుండా స్నానం చేసింది. ఆవిడ చేతుల్లోనే పోయింది.

ముప్పై ఒక్క ఏళ్లు నువ్వు నన్ను ఎలా చూస్తున్నావో తెలిసి కూడా ఊరుకున్నాను.

అమ్మకు కోరిన మనిషిని ఇచ్చినదాన్ని, నీకెందుకు ఇవ్వలేదని నన్ను నేనే అడిగాను. అమ్మ కోరుకున్న మనిషిని తెచ్చాను, అమ్మ పోయింది. అప్పట్నుంచి ఒకరి కోరిక మీద సంతకం పెట్టాలంటే నాకు భయం. భయంతోనే నిన్ను వాళ్లకు అప్పజెప్పాను.

గురువారం నేను రావడం లేదు. నీ తరఫున మాట్లాడను, నీకు ఎదురూ మాట్లాడను. ‘బంధువు సమ్మతి’ గడిలోంచి నా పేరు తీసేయమని కార్యాలయానికి రాసి పంపాను. ఇకనుంచి నీ సంతకం నువ్వే పెట్టుకో. పడితే మాత్రం నాకు ఫోన్ చెయ్యి.

నీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లాయికి,

ఈసారి కొట్టేయలేదు.

మేనేజరమ్మ నీ కాగితం ముందు పెట్టుకుని, “బంధువు సంతకం లేకపోతే ఫారం చెల్లదు తాతగారూ” అంది. “నా ఒంటికి నాకన్నా దగ్గరి బంధువు ఎవరమ్మా?” అన్నాను. ఆవిడ పక్కనున్న పెద్దాయన తల దించుకుని ఏదో రాసుకున్నాడు. కండక్టరును పిలిపించి, ఈయన మళ్లీ పడితే బాధ్యత ఎవరిదని అడిగారు. “పడేది ఆయన. ఆయన్నే అడగండి” అన్నాడు. నన్నడిగారు. ఆ గదిలో నన్నడిగిన మొదటి ప్రశ్న అదే. నాదేనన్నాను. ఆ ముక్కే రాసిమ్మన్నారు. ఎడంచేత్తో, వంకర అక్షరాలతో రాసిచ్చాను. ఎవరూ తొందరపెట్టలేదు. మూడు నెలలు చూస్తామన్నారు. చూడనీ. నాలుగో నెలలో మళ్లీ వెళ్తాను, అవసరమైతే పదో నెలలోనూ.

శుక్రవారం కండక్టరు వచ్చాడు. తలుపు తీయగానే ముక్కు మూసుకుని, “ఈ వాసనకి కేసు గెలిచారా సార్?” అన్నాడు. గంటసేపు స్నానం చేశాను. బయట పేపరు చదివేవాడికి మధ్యలో కునుకు కూడా పట్టింది.

నీ సంగతి. ముప్పై ఒక్క ఏళ్లు అమ్మ తరఫున నీ మీద కేసు నడిపాను. ఆవిడ నాకు వకాల్తా ఇవ్వనేలేదని ఇప్పుడు తెలిసింది. కేసు కొట్టేస్తున్నాను. క్షమాపణ అడగడం నాకు రాదు, నీకు తెలుసు. ఆదివారం నువ్వూ బావా రండి.

నీ అన్నయ్య

తా.క.: తనకెవరు నీళ్లు పోయాలో తేల్చుకోవడం ఆవిడ హక్కు. దాన్ని తప్పుపడితే కార్యాలయంలో నేనన్న మాటలన్నీ నేనే మింగాలి. కానీ నాతో ఒక్క ముక్క అనలేదు. అని ఉంటే వాదించేవాణ్ణి, నిజమే. వాదించి ఒప్పుకునేవాణ్ణి. ఆ ఒప్పుకునే కొడుకు నాలో ఉన్నాడని ఆవిడకు తోచలేదు. నిన్ను నోరు మూసుకోమని, నన్ను చీకట్లో ఉంచి వెళ్లిపోయింది. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు. నేను అంటాను. కేసులోంచి నిన్ను వదిలేశాను, మేనేజరమ్మను కూడా రేపో మాపో వదిలేస్తాను. వదలనిది ఒక్కరినే. అమ్మను.