చీలిక దగ్గరి బోర్డు తిప్పినది నేనే

సైకిల్ దారుల విభాగపు అధికారి గారి సముఖమునకు, క్వారీ రోడ్డు దిగువనున్న ఊరి సైకిల్ మెకానిక్ చేసుకొను మనవి.

అయ్యా (తమరు అమ్మగారైన యెడల, అమ్మా),

విషయం: చీలిక వద్దనున్న సైకిల్ దారి బోర్డు తప్పు వైపు చూపుచున్నందున, ఒకటవ తేదీ లోపల దానిని సరిచేయించుట గురించియు, అది అట్లు చూపుటకు కారకుడను నేనే అగుట గురించియు.

1. పాత రైలు కట్ట మీద పట్టాలు తీసివేసి తమ శాఖ వారు నాలుగేళ్ళ క్రిందట సైకిల్ దారి వేసిన సంగతి తమకు విదితమే. ఆ దారి చీలిక దగ్గర ఎడమకు తిరిగి, కాలువ అవతలి ఊరి మీదుగా పోవలెను. తమ పటములో అట్లే ఉన్నది. కానీ ఈ నాలుగేళ్ళుగా సైకిళ్ళన్నీ కుడికి తిరిగి, మూతబడిన రాతి క్వారీ రోడ్డు వెంట వాలు దిగి, మా ఊళ్ళోకి వచ్చుచున్నవి.

2. దీనికి కారణమేమనగా, దారి వేసిన కొద్ది రోజులకే గాలివానకు బోర్డు తిరిగిపోయినది.

పై వాక్యము అబద్ధము. కొట్టివేద్దామనుకొంటిని గానీ, కొట్టివేసినచో తమరు అక్కడ ఏమున్నదోనని వెలుతురుకు పెట్టి చూచెదరు. అందుచేత ఉంచుచున్నాను. గాలివాన వచ్చిన మాట నిజం. బోర్డు వదులైన మాట నిజం. దానిని బిగించమని మా ఊరి కమిటీ వారు నన్ను పంపినారు, ఎందుకంటే ఊళ్ళో పద్నాలుగో నంబరు స్పానర్ నా దగ్గరే ఉన్నది. బాణం గుర్తును కుడి వైపు పెట్టి బిగించినది మాత్రం గాలి కాదు. కమిటీ పెద్ద, అనగా మా ఊరి బేకరీ ఆయన, నిచ్చెన పట్టుకొని కింద నిలబడి, "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, అక్కడాపు" అన్నాడు. నేను ఆపినాను. ఒక్క వారం ఉంచి చూద్దామనుకొన్నాము.

3. ఆ ఒక్క వారము నాలుగేళ్ళు అయినది. ఫోనులో దారి చూసుకొని వచ్చేవాళ్ళు మొదట్లో తికమకపడి, చివరికి బోర్డునే నమ్మేవారు. అందరూ ఇటే పోవడం చూసి ఏడాది తిరిగేసరికి ఫోను కూడా ఇదే దారి చూపించడం మొదలుపెట్టినది. తమ తనిఖీదారు గారు రెండు పర్యాయములు కారులో వచ్చి, బేకరీలో కూర్చొని, "గుర్తులు సంతృప్తికరము" అని వ్రాసుకొని వెళ్ళినారు. పోయిన ఏడు తమ శాఖ మాకు 'ఉత్తమ సైకిల్ గ్రామం' అని ఇత్తడి ఫలకం ఇచ్చినది. సైకిల్ దారి పోని ఊరికి ఆ ఫలకం ఇచ్చిన శాఖ లోకంలో తమది ఒక్కటే అయి ఉండును. దానిని గోడకు మరలు వేసి బిగించినవాడినీ నేనే.

అయ్యా, నవ్వులాట కాదు. ఆ సైకిళ్ళు రాకముందు మా ఊరు ఎట్లుండెడిదో తమరు చూడలేదు. క్వారీ మూసినాక ఇళ్ళకు తాళాలు పడ్డాయి. బడిలో తొమ్మిదిమంది పిల్లలు మిగిలితే, వచ్చే ఏడు మూసేస్తామని కాగితం వచ్చింది. ఇప్పుడు నలభై ఒక్కమంది ఉన్నారు. మా అక్క, భర్త పోయి ఒంటరిగా ఉన్న మనిషి, తన ఇంట్లో మూడు గదులకు సున్నం వేసి సైకిల్ వాళ్ళకు అద్దెకిస్తోంది. తడిసిన మేజోళ్ళు ఆరేసుకోవడానికి పొయ్యి పక్కన తీగ కట్టింది. వాళ్ళ మోకాళ్ళకు కాపడం పెట్టడానికి ఇటుకలు వేడి చేసి ఇస్తుంది. అటువంటి గదులు ఇప్పుడు ఊళ్ళో పదిహేను. ఇదంతా కాలువ అవతలి వాళ్ళ నోటి దగ్గర నుంచి లాక్కున్నదే. వాళ్ళూ గదులకు సున్నం వేసుకొనే కూర్చున్నారట. వాళ్ళ దగ్గరకు ఒక్క సైకిలూ పోలేదు. ఆ సంగతి తలుచుకొన్నప్పుడల్లా నాకు సిగ్గుగానే ఉండేది. అయినా నోరెత్తలేదు. సిగ్గుతో మనిషి ఎన్నేళ్ళయినా బతికేయగలడని ఈ వయసులో తెలిసింది.

4. ఇక అసలు సంగతి. క్వారీని కొత్తవారు తీసుకొన్నారు. ఒకటవ తేదీ నుంచి లారీలు తిరుగునని గేటుకు నోటీసు అంటించినారు. క్వారీ రోడ్డు వాలు తమరు చూడవలెను. పై నుంచి సైకిల్ తొక్కనక్కరలేదు, వదిలేస్తే చాలు. సగం దిగాక గుండ్రాతి గోడ చుట్టూ మలుపు. ఆ మలుపులో ఎదుటి నుంచి ఏనుగు వచ్చినా కనపడదు. రోడ్డు వెడల్పు ఒక లారీకి సరిగ్గా సరిపోతుంది, పక్కన కాలు పెట్టడానికి కూడా చోటుండదు.

పోయిన గురువారం రోడ్డు చూసుకుందామని వాళ్ళు ఒక ఖాళీ లారీని పైకి పంపారు. అదే సమయానికి పై నుంచి భార్యాభర్తలిద్దరు దిగారు. ఆయన సైకిల్ వెనుక బుట్ట సీటులో రెండేళ్ళ పిల్ల. లారీ ఆగింది. సైకిల్ కూడా ఆగింది, లారీ బంపరుకు జానెడు దూరంలో. ఇదంతా నేను చూడలేదు. ఆయన బ్రేకు తీగ తెగిపోయి, సైకిల్ నడిపించుకొంటూ నా దుకాణానికి వచ్చి చెప్పాడు. పిల్ల నిద్ర కూడా లేవలేదు, అప్పటికీ బుట్టలో తల వాల్చి పడుకొనే ఉంది. నేను తీగ మార్చాను. ఆ తీగను బిగించడానికి నాకు నాలుగు నిమిషాలు చాలు, ఆ రోజు అరగంట పట్టింది. ఆ పిల్ల తల్లి పోతూ పోతూ, "మీ ఊరు చాలా బాగుంది మామయ్యా, మళ్ళీ వస్తాం" అంది.

ఆ మాటతో నా పని అయిపోయినది.

5. మరుసటి ఉదయమే బడి గదిలో కమిటీని కూర్చోబెట్టినాను. ఒకటవ తేదీ లోపు శాఖ వారికి చెప్పుకొందాం, మలుపులో అద్దం పెట్టమందాం, పగటిపూట లారీలు ఆపించమందాం అన్నాను. బేకరీ ఆయన అడ్డు తగిలినాడు.

"అడిగితే వాళ్ళు ఏం చేస్తారు?" అన్నాడు.

"పటం తీసి చూస్తారు" అన్నాను.

"చూస్తే ఏం కనపడుతుంది?"

అదీ అయ్యా మా చిక్కు. మేము అద్దం అడగవలెనన్నా దారి మాది కావలెను. మాది కాని దారికి అద్దమెవరిస్తారు? ప్రాణం కాపాడమని అడిగితే దొంగతనం బయటపడుతుంది. "లారీవాళ్ళు హారన్ కొడతార్లే, సైకిల్ వాళ్ళకు గంట ఉంటుంది కదా" అని ఒకాయన అన్నాడు. ఆయన మంచివాడే. అందరూ మంచివాళ్ళే.

బయటికొచ్చాక అక్క నన్ను గోడ వారకు లాగి, "ఒరేయ్, నీకు స్పానర్ ఉంది, ఎక్కడికెళ్ళినా బతుకుతావు. నాకు ఆ మూడు గదులు తప్ప ఏముందిరా? కాస్త జాగ్రత్తగా పొమ్మని వచ్చినవాళ్ళకు నేనే చెబుతాలే" అంది.

"వాళ్ళు నీ దగ్గరకు వచ్చేసరికే మలుపు దాటి ఉంటారక్కా" అన్నాను.

అక్క నా చెయ్యి వదిలేసింది. అప్పటి నుంచి మాటల్లేవు. మా ఇద్దరికీ మధ్య గోడ ఒక్కటే. అటు నుంచి ఆమె గిన్నెలు కడుగుతున్న చప్పుడు నాకు వినపడుతుంది, నేను దగ్గుతుంటే ఆమెకు వినపడుతుంది.

6. ఎవరికీ చెప్పకుండా నేనే వెళ్ళి బోర్డును ఎడమకు తిప్పేద్దామని శనివారం నిచ్చెన వేసుకొని పోయినాను. పద్నాలుగో నంబరు స్పానర్ పట్టదు. నాకన్నా ముందే వచ్చి బోల్టును వెల్డింగ్ చేయించి, పైన ఆకుపచ్చ రంగు కూడా పూసినారు. మా వాళ్ళు నన్ను బాగా ఎరుగుదురు.

7. కావున నా కోరికలు. మొదటిది, ఒకటవ తేదీ లోపల బోర్డును కోసి ఎడమకు తిప్పించవలెను. రెండవది, నన్ను ఏమి చేసినను సరే గానీ గదులవారి మీదకు, ముఖ్యముగా మా అక్క మీదకు పోకూడదు. ఆమె నిచ్చెన పట్టుకోలేదు. మూడవది అడుగుటకు నాకు ముఖము చెల్లదు, అయినను అడుగుచున్నాను. బడి వెనుక కాలువ మీద సైకిల్ పట్టేంత చిన్న వంతెన వేసినచో, అవతలి గట్టున పోవు అసలు దారి నుంచి మా ఊరికి ఐదు నిమిషములు. వాలు లేదు, లారీ లేదు. వచ్చేవారు రెండు ఊళ్ళలోను ఆగవచ్చును. అది ముందే అడిగి ఉంటే ఇచ్చేవారేమో. మాకు అడగడం తోచలేదు, తిప్పడమే తోచింది.

ఫలకం విప్పి దుకాణంలో గోనెసంచిలో చుట్టి పెట్టినాను. మనిషిని పంపినచో అప్పగించెదను.

ఇందుమూలముగా విన్నవించునది యావత్తు చిత్తగించవలెను. చిత్తగించిన వెంటనే బయలుదేరవలెను.

ఇట్లు,
నాలుగేళ్ళు ఆలస్యముగా,
తమ విధేయుడు,
సైకిల్ మెకానిక్

తాజా కలం: పైదంతా నిన్న రాసింది. లారీలు ఒకటో తారీకు దాకా ఆగలేదండీ. ఈ పొద్దున్నే మూడు పోయాయి, రాయి నింపుకొని. నేను దుకాణం మూసి చీలిక దగ్గరకు వచ్చేశాను. సైకిల్ సీటు మీద కాగితం పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకండి.

ఇందాక ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చారు. ఆవిడ ఆగి, "ఇదేనాండీ దారి?" అంది. నాలుగేళ్ళలో ఎన్ని వందలమంది అడిగారో, అందరికీ అవుననే చెప్పాను. ఇవాళ కాదన్నాను.

"బోర్డు ఇటే చూపిస్తోందిగా?"

"బోర్డు అబద్ధమమ్మా. తిప్పింది నేనే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, గది చెప్పుకొన్న ఇంటికి ఫోన్ చేసింది. ఆ ఇల్లు మా అక్కది. ఆవిడ చెప్పడం పూర్తికాకముందే, బోర్డు దగ్గరున్న మనిషికి ఫోన్ ఇవ్వమంది అక్క.

"లారీలు నిజంగానే తిరుగుతున్నాయా?"

"మూడు పోయాయక్కా."

"వాళ్ళను ఎడమకే పంపు" అని ఫోన్ పెట్టేసింది. ఏడుస్తోందని నాకు తెలుసు, అక్క గొంతు నాకు తెలియదా.

ఇప్పటికి పదకొండుమందిని ఎడమకు పంపాను. పన్నెండో ఆయన మీ ఆఫీసు వైపే పోతున్నాడట, ఈ కాగితం ఆయన చేతికే ఇస్తున్నాను. చీకటి పడేదాకా ఇక్కడే ఉంటాను, రేపు తెల్లారగానే మళ్ళీ వస్తాను. కానీ అయ్యా, నాకు అరవై రెండేళ్ళు. గంటకోసారి పొదల చాటుకు పోక తప్పదు. ఆ రెండు నిమిషాలూ ఇక్కడ బోర్డు ఒక్కటే ఉంటుంది.