గంగారాం పేరుకు నేను పలికాను

యాన్బు, సౌదీ

స్వర్ణా, నాకేమీ కాలేదు, ముందు అది నమ్ము. ఫోన్‌లో చెబితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను.

మంగళవారం మా డంపింగ్ యార్డులో చెత్తగుట్ట అంటుకుంది. సైరన్ మోగగానే అందరం గేటు దగ్గరికి ఉరికాం. ఫోర్‌మన్ మొహిద్దీన్ భాయ్ పేర్లు పిలిచాడు. నెలనెలా ఉత్తుత్తి సైరన్ మోగినప్పుడు మన పక్కింటి గంగారాం లోడర్ నీడన పడుకునేవాడు, అతని పేరుకు నేనే పలికేవాడిని. ఆ రోజూ అలవాటుకొద్దీ "హాజిర్" అన్నాను. లెక్క సరిపోయింది. లోపల ఎవరూ లేరని భాయ్ ఫైరింజనువాళ్లకు చెప్పేశాడు. అప్పుడు చూశాను, గంగారాం నా పక్కన లేడు. "భాయ్, పలికింది నేను! ఆడు లోపల్నే ఉన్నడు!" అని మొత్తుకున్నాను. పొగలోంచి మోసుకొచ్చారు. బతికాడు గానీ ఇంకా మాట రాలేదు.

అతని భార్యకు ఈ కార్డు చదివి వినిపించు. పలికింది నేనేనని దాచకు.

సృజన దగ్గు తగ్గిందా? ఆ సిరప్ ఆపకు. అమ్మకు దండాలు. ఉపాధి పనిలో ఆమె మధ్యలో ఎటన్నా పోతే ఆమె పేరుకు నువ్వే పలుకుతావు కదా, ఇక పలకకు. ఎండకు ఎక్కడన్నా పడిపోయినా, ఉందనుకుని ఎవరూ వెతకరు.

దేవన్న