సముద్రం చూపిస్తానన్నారు

మంగినపూడి,
సోమవారం, 14-2-1944.

మహాలక్ష్మీ సమానురాలైన అక్కయ్య వెంకటరావమ్మకు, చెల్లెలు చౌడేశ్వరి నమస్కరించి రాసేది. మేమిద్దరం ఇక్కడ క్షేమం. బెజవాడలో నువ్వూ, బావగారూ, నీ దగ్గర వదిలివచ్చిన మా పిల్లలిద్దరూ క్షేమమని తలుస్తాను. ఉత్తరమన్నాక ముందు క్షేమమని రాయాలి కాబట్టి రాశాను గానీ అక్కయ్యా, నా గుండె మాత్రం పీచుపీచుమంటోంది.

ముందు సముద్రం సంగతి చెప్పనీ, కాస్త కుళ్ళుకుందువుగాని. మేముంటున్నది శౌరయ్య అనే జాలరి పాకలో. నీ మరిది నేసిన లుంగీలు ఏటా ఈయనే కొంటాడు, ఆ పరిచయం. ఎదురుగా సరుగుడు తోట, అది దాటితే ఇసుక, ఆపైన అంతా నీళ్ళే. పొద్దున్నే అలల్లో నిలబడితే కాళ్ళ కింద ఇసుక జారిపోతూ చక్కిలిగింత పెట్టినట్టుంటుంది. నేను పెట్టే కేకలకు శౌరయ్య భార్య అమలమ్మ నవ్వలేక చస్తోంది. ఆవిడ పెట్టే చేపల పులుసు తిన్నాక బెజవాడలో మనం వండుకునేది పులుసే కాదనిపిస్తోంది. మధ్యాహ్నం సరుగుడు నీడలో చాప వేసుకుని పడుకుంటాను. పుట్టి బుద్ధెరిగాక నేను పగలు నిద్రపోవడం ఇదే. లేచేసరికి చేతులు వాటంతటవే నూలు కండెలు చుట్టబోతాయి. రాట్నం ఇక్కడ లేదని గుర్తొచ్చి మళ్ళీ పడుకుంటాను.

ఇంత సుఖం ఎందుకు వచ్చిపడిందా అన్నదే నా ఏడుపు. నీ మరిది సంగతి నీకు తెలియనిదా? పెళ్ళైన ఇన్నేళ్ళలో కృష్ణ ఒడ్డుకైనా షికారు తీసుకెళ్ళని మనిషి, పోయిన వారం ఉన్నట్టుండి నీకు సముద్రం చూపిస్తాను, బయలుదేరమన్నారు. ఇక్కడికొచ్చాక నేనేమడిగితే అది. కొబ్బరిబొండాం అంటే కొబ్బరిబొండాం, బందరు హల్వా అంటే హల్వా. ఒక్కసారైనా కసురుకోలేదు. కసరని మొగుడితో ఎలా వేగాలో నాకు చాతకావడం లేదు.

నా భయమేమిటో చెప్పేస్తాను. ఈయన నాతో చెప్పకుండా మిలిటరీలో చేరారు. వెళ్ళిపోయేముందు నా ముచ్చట తీరుస్తున్నారు. నూలు దొరక్క మన వీధిలో పాండురంగయ్య కొడుకు చేరలేదూ? అతనూ ప్రయాణానికి ముందు పెళ్ళానికి కోటప్పకొండ చూపించి వచ్చాడు.

ఊరికే అనుమానపడుతున్నాననుకోకు. పోయిన నెల నూలు కోసమని గుంటూరు వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చారు. అక్కడ ఎవరో డాక్టరు గారి గుమ్మంలో ఈయన కూర్చుని ఉండగా చూశానని మా పక్కింటి రామకోటేశ్వరరావు గారు నాతో అన్నారు. ఒంట్లో ఏ నలతా లేని మనిషికి డాక్టరుతో పనేమిటి, మిలిటరీ పరీక్ష కాకపోతే?

అసలుది విను. ఎన్నాళ్ళకో మనకు నూలు వచ్చింది. పడుగు సిద్ధం చేసి చేతికిచ్చాను. నేసిన గుడ్డ కోసేసినా మగ్గం అచ్చులో పాత పోగుల కొసలు అలాగే ఉంచుతాం కదా, కొత్త పడుగును పోగు పోగునా వాటికే అతకాలని. ఆ కొసలు కూడా లాగేశారంటే ఆ ఇంట్లో నేసేవాడు పోయినట్టే, లేదా మగ్గానికి దండం పెట్టేసినట్టే. బయలుదేరే రోజు మగ్గం గదిలోకి తొంగి చూద్దును కదా, అచ్చు బోసిగా ఉంది. పోగులన్నీ లాగి ఉండచుట్టి మూల పడేశారు. ఇదేమిటని అడిగితే, వచ్చాక చూద్దాంలే అన్నారు.

ఇక్కడా ఆ మనిషి ధ్యాస మరెక్కడో ఉంది. అవిగో పడవలు అని నేనొక వైపు చూపిస్తే, ఆయన ఇంకో వైపు తిరిగి, బాగున్నాయి అంటారు. దీపాలు పెట్టే వేళకే పాకలో చేరి గుంజకు ఆనుకుని కూర్చుంటారు, ఇక కదలరు. నిన్న ఉండబట్టలేక, మిలిటరీలో చేరారా లేదా, నా మీద ఒట్టేసి చెప్పండని నిలదీశాను. నన్నెవరు తీసుకుంటారే పిచ్చిదానా అని నవ్వారు. ఒట్టు మాత్రం వెయ్యలేదు.

అక్కయ్యా, ఈ ఉత్తరం అందగానే బావగారిని మిలిటరీ వాళ్ళ ఆఫీసుకు పంపించు. ఈయన పేరు రాయించుకున్నారేమో కనుక్కోమను. రాయించుకుని ఉంటే కొట్టేయించే దారేదైనా చూడమను. గంజి తాగి బతుకుతాం, నేను కూలికి పోతాను, ఈయన్ని మాత్రం పంపను. ఆయన లేని ఇంట్లో నేనుండలేను. సిగ్గు విడిచి రాస్తున్నాను.

శనివారం బందరు రైల్లో వస్తాం. ఉత్తరం ఈయన చేతికే ఇచ్చి పోస్టులో వెయ్యమంటున్నాను. కవరు కావాలనే అంటించలేదు. నోటితో అడిగితే చెప్పని మనిషి, ఇది చదివైనా మనసు మార్చుకుంటారేమో చూడాలి. పిల్లలకు నా ముద్దులు.

నీ చెల్లెలు
చౌడేశ్వరి

తా.క.

వదిన గారికి భావనారాయణ నమస్కారాలు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉంటాయి, మన్నించాలి. చౌడేశ్వరి కవరు అంటించకుండా ఇచ్చింది. నేను చదవాలనే ఇచ్చి ఉంటుంది. చదవలేదు వదిన గారూ. చదవలేను.

గుంటూరు డాక్టరు గారు రెండు కళ్ళలోనూ నరం ఎండిపోతోందన్నారు. మందు లేదట. ఎండలు ముదిరేలోపు ఈ కాస్త చూపూ పోతుందట. పట్టపగలు దగ్గరున్నవి కనిపిస్తున్నాయి, అంతే. నూలు వచ్చాక పోగులు అతకబోయాను. ఎర్రపోగును తెల్లదానికి ముడివేసి, అది విప్పబోయి పక్కవి తెంపి, చివరికి అంతా చిక్కుపడితే ఆమె కంట పడకుండా లాగేశాను. మిలిటరీ అని భయపడుతోందని నిన్న తెలిసింది. ఇక్కడున్నన్నాళ్ళూ అలాగే అనుకోనిద్దామని ఊరుకున్నాను.

శనివారం మీరు స్టేషనుకు రండి. ఇంటికి తీసుకెళ్ళి ఈ సంగతి మీరే ఆమెతో చెప్పండి. ఆ కాసేపూ నేను పిల్లల్ని తీసుకుని బయట ఉంటాను. ధైర్యం చాలక కాదు. ఇది విన్నప్పుడు ఆమె మొహం ఎలా అవుతుందో నేను చూడకూడదు. ఇక్కడ అలల్లో నవ్వుతుంటే దగ్గరగా నిలబడి తనివితీరా చూసుకున్నాను. నాకు ఆ మొహమే మిగలాలి.